డౌన్ కొట్టిన చెయ్యి

నీటి సరఫరా ఆఫీసులో ఆమెను అందరూ లైనమ్మ అంటారు. పంపుహౌసుల్లోని కంప్యూటర్లన్నిటినీ కుర్చీలోంచి లేవకుండా నడిపే మనిషి. ఆ ధీమాతోనే కిందటి వారం ఓ నివేదిక రాసి పడేసింది: మూడో పంపుహౌసుకు ఆపరేటరు అక్కర్లేదు, ఏం తేడా వచ్చినా ఇక్కణ్ణించే సరిచేయవచ్చు అని. ఆ ఆపరేటరుకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. ఆ నివేదికమీద మేనేజరు ఈ రోజే సంతకం పెట్టాలి.

ఉదయం పదకొండింటికి ఆ మూడో పంపుహౌసులోని లినక్స్ కంప్యూటరుకు నెట్‌వర్కు చిరునామా మార్చే పని పడింది. నల్లటి తెరమీద కమాండ్లు కొట్టి మార్చేసింది. అది అమల్లోకి రావడానికి కనెక్షనును దింపి, మళ్ళీ ఎత్తాలి. తను ఆ కంప్యూటరులోకి వెళ్ళిందే ఆ కనెక్షను మీద, అది దిగితే తనూ తెగిపోతుంది కాబట్టి రెండు కమాండ్లూ ఒకే వరుసలో రాసి ఒక్కసారే వదలాలి. ఈ విద్యలో ఓనమాలు దిద్దినవాడికైనా ఇది తెలుసు. మరి ఈవిడేం చేసింది? ‘డౌన్’ రాసి ఠక్కున ఎంటర్ కొట్టింది. ‘అప్’ రాద్దామంటే తెర బిగుసుకుపోయింది.

ఇక అక్కడున్న మనిషే దిక్కు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? ఫోను చేసి అడిగింది. ఎన్నడూ లేనిది బాబాయ్ అని కూడా పిలిచింది, సిగ్గు లేకపోతే సరి. ఆపరేటరు కారణం అడగలేదు. ట్యాంకు పొంగకుండా పంపును చేత్తో ఆపేశానని చెప్పి, కళ్ళజోడు తెచ్చుకున్నాడు. ఆమె ఒక్కో అక్షరం చెబుతుంటే ఒక్క వేలితో కొట్టాడు. ఖాళీ ఎక్కడ వదలాలో రెండుసార్లు అడిగాడు. చివరికి లైను వచ్చింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

అయిదు నిమిషాలు తిరక్కుండా మేనేజరు ఆ నివేదిక పట్టుకుని ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. గోడమీది బోర్డులో, లైను పోతే వెలిగే ఎర్రదీపం వెలగడం, ఆరడం ఆయన చూశాడు.

“పన్నెండు నిమిషాల్లో ఇక్కణ్ణించే సరిచేశారన్నమాట. ఇంక అక్కడ మనిషెందుకు?”

పని వేళల్లో లైను తెంపినవాళ్ళకు మెమో ఖాయం. తెంపింది నేను, అతికించింది ఆయన అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది గనక! “అవునండీ” అంది. ఆయన ఆమె బల్లమీదే సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంతలో ఫోను మోగింది. ఆపరేటరు.

“అమ్మా, ఇందాక నాతో కొట్టించిన ఆ లైను ఇంకోసారి చెబుతారా? గోడమీద రాసి పెట్టుకుంటాను. మళ్ళీ ఎప్పుడైనా పోతే మీకు శ్రమ లేకుండా నేనే చూసుకుంటాను.”

లైనమ్మ మొదటి అక్షరం నుంచి చెప్పడం మొదలుపెట్టింది.