నొక్కు, వదులు

ఆయిల్ పుల్లను పాత బనీను గుడ్డతో తుడిచి, గొట్టంలోకి దించి, మళ్ళీ పైకి లాగి, సగం ఎత్తిన షట్టరు కింద నుంచి వస్తున్న వెలుతురుకేసి పట్టుకున్నాడు చిన్నోడు. నూనె రెండు గీతల మధ్యనే ఉంది. నిన్నా అక్కడే ఉంది. వారానికోసారి వీధి చివరిదాకా వెళ్ళొచ్చే బండిలో నూనె ఎక్కడికి పోతుంది? అయినా చూడాలి. చూడకపోతే ఆ పూటంతా ఏదో మరిచిపోయి ఇంట్లోంచి బయల్దేరినట్టు ఉంటుంది అతనికి.

తరవాత కూలెంట్ డబ్బా, దాని తరవాత వైపర్ల నీళ్ళు, బ్రేక్ నూనె. చివర బ్యాటరీ. బ్యాటరీ దగ్గర ఎప్పుడూ ఎక్కువసేపు నిలబడతాడు. టెర్మినళ్ళ మీద ఉప్పు పట్టకుండా వేడినీళ్ళతో కడిగి, తుడిచి, వాసలీన్ రాసి, ఒక్కో తీగ కొసనూ రెండు వేళ్ళతో పట్టుకుని ఊపి చూస్తాడు. ఊగలేదు. ఇంకోసారి ఊపాడు. ఎడమ భుజం లోపల ఎక్కడో కలుక్కుమంది. నిన్న పెద్ద స్పానర్‌తో కుస్తీ పట్టిన ఫలితం అనుకుని, భుజం విదిలించి బానెట్ దించాడు.

తల ముగ్గుబుట్టయినా వీధికి అతను చిన్నోడే. పెద్దోడు ఒకడుండేవాడు కాబట్టి. చలికాలం చివర్లో పెద్దోడు నిద్రలోనే పోయాడు. అయినా చిన్నోడి పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. షెడ్డును కూడా ఇంకా అన్నదమ్ముల షెడ్డనే అంటున్నారు. కార్ల లైట్లు, వైరింగు, చిన్నా చితకా రిపేర్లు వాళ్ళ పని. షెడ్డు వెనక తలుపు తీస్తే ఇల్లు. ఇంట్లో వదిన. చిన్నోడికి పెళ్ళి కాలేదు. ఆ మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒక బండి కిందికి దూరేవాడు. చివరికి అడిగేవాళ్ళే అలిసిపోయారు.

ఈ చిన్న కారు మాత్రం గిరాకీది కాదు, సొంతది. తుక్కు కింద అమ్మకానికొస్తే అన్నదమ్ములిద్దరూ కొని, ఊపిరి పోసి నిలబెట్టారు. రంగు వెలిసిన ఆకుపచ్చ. ముందు ఇద్దరు, వెనక ఒకరున్నర కూర్చోవచ్చని పెద్దోడు అనేవాడు, ఇంకా మాట్లాడే రోజుల్లో.

తరవాత మాట్లాడటం మానేశాడు. ఇరవై ఏళ్ళ పైమాటే. ఒకనాటి రాత్రి అమ్మకు గుండెల్లో నొప్పొస్తే ఈ కారులోనే పెద్దాసుపత్రికి బయల్దేరారు. ఊరు దాటాక, ముందూ వెనకా దీపం లేని రోడ్డు మీద, లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఇంజనూ ఆగిపోయింది. టార్చిలైటు లేదు. చీకట్లో చేతులతో తడుముతూ, ఒకరి వేళ్ళు ఒకరికి అడ్డం పడుతూ, ఏ తీగ ఊడిందో తెలియక తెల్లారేదాకా ఉండిపోయారు. తెల్లారాక చూస్తే బ్యాటరీ మీద తీగ కొస ఊడి పక్కకు పడుకుని ఉంది. చేత్తో పెడితే చాలు, అతుక్కుంది. అప్పటికి వెనక సీట్లో అమ్మ చల్లబడిపోయింది.

ఆ రోజు నుంచి అన్నదమ్ముల మధ్య పని మాటలే మిగిలాయి. నొక్కు. వదులు. ఎడమ. కుడి. చాలు. పెద్దోడు డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు నొక్కేవాడు, చిన్నోడు వెనక గోడకూ డిక్కీకీ మధ్య గొంతుకూర్చుని దీపాలు చూసేవాడు. అన్న ముఖం కన్నా అన్న మెడ వెనక భాగమే చిన్నోడికి బాగా తెలుసు. ఆ మెడ మీద వెంట్రుకలు నెరవడం, తోలు ముడతలు పడటం, ఒక పుట్టుమచ్చ పెద్దదవడం అన్నీ వెనక అద్దంలోంచే చూశాడు. అన్నం దగ్గర ఏదైనా కావాలంటే వదినే రాయబారి. "వదినా, ఆ ఉప్పు ఇటు జరపమను," అనేవాడు చిన్నోడు. ఉప్పు అన్న మోచేతి పక్కనే ఉండేది.

అన్న పోయాక బ్రేకు పెడలుకూ సీటుకూ మధ్య ఒక కర్ర అడ్డం పెట్టి చూసుకుంటున్నాడు. ఈ రోజు భుజం నొప్పి ధ్యాసలో ఆ కర్ర సంగతే మరిచాడు. వెనక్కి వెళ్ళి, గొంతుకూర్చుని, దీపాల అద్దాలు తుడిచి, అలవాటు కొద్దీ అనేశాడు.

"నొక్కు."

రెండు దీపాలూ వెలిగాయి.

వెలిగాక గుర్తొచ్చింది, లోపల కర్ర లేదని. వెనక గోడంతా ఎర్రబడింది. అతని నీడ గోడ మీద రెండుగా చీలి నిలబడింది. సీటు మీంచి అవతల ఏమీ కనిపించడం లేదు. లేచి చూడొచ్చు. లేవలేదు. కూర్చున్నచోటి నుంచే మెల్లగా అన్నాడు.

"వదులు."

ఆరిపోయాయి.

అప్పుడు లేచి, ముందుకు నడిచి, తలుపు తీశాడు. సీటు ఖాళీ. కర్ర మూలన గోడకానుకుని ఉంది. బ్రేకు పెడలు మీద చెయ్యి వేశాడు. మామూలుగానే ఉంది. పెడలు పైన ఉండే స్విచ్చి ఒక్కోసారి ఇరుక్కుంటుంది, అది తెలిసిన రోగమే. స్విచ్చి విప్పి కొత్తది వేశాడు. ఫ్యూజు మార్చాడు. తీగ మొదలు నుంచి చివరిదాకా వేలితో తడిమాడు. ఎక్కడా తోలు ఊడలేదు, ఎక్కడా తడి లేదు. ఇంకోసారి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు గానీ, ఏమీ అనలేదు. దీపాలూ వెలగలేదు. అదీ ఒక జవాబులాగే తోచి, వీపు మీద చెమట చల్లబడింది.

పొద్దెక్కాక మందుల షాపాయన తన కారు తెచ్చాడు. హెడ్‌లైటు ఒకటి కన్ను మూసిందట.

"ఎదురుగా నిలబడి చూడండి సార్. ఎడమది వెలుగుతోందా?"

"ఎవరి ఎడమ? నీదా, నాదా, కారుదా?"

"కారుది."

"కారుకు ఎడమ ఎటయ్యా? అది నన్ను చూస్తోందా, నేను దాన్ని చూస్తున్నానా?"

"మీ షాపు వైపు సార్."

"అలా చెప్పు మరి. లేదు, వెలగట్లేదు."

బల్బు మార్చి, అద్దం తుడిచి, కాంతి మరీ ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొట్టకుండా స్క్రూ కాస్త తిప్పి కిందికి దించాడు. పని మధ్యలో ఆయన లోపలి ఆకుపచ్చ కారుకేసి చూస్తూ గడ్డం గోక్కున్నాడు.

"మీ చుట్టాలెవరైనా వచ్చారా?"

"లేదే."

"మరి నేను వస్తూనే లోపల సీట్లో పెద్దమనిషెవరో కూర్చున్నారనుకుని నమస్కారం పెట్టాను. తిరిగి పెట్టలేదు. ఎంత పొగరో అనుకున్నా." తనే నవ్వేశాడు. "సీటే అయ్యుంటుంది. కళ్ళు చూపించుకోవాలి. నాకూ వయసొస్తోంది."

చిన్నోడు నవ్వబోయాడు. పెదవి సగంలో ఆగిపోయింది. అన్న బతికున్నప్పుడూ అంతే, ఎవరు పలకరించినా అద్దంలోంచి ఎదుటికే చూస్తూ కూర్చునేవాడు. పొగరని అందరూ అనేవాళ్ళు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే వదిన చూసింది.

"ఏమయ్యా చిన్నయ్యా, ముద్ద దిగట్లేదు? ఒంట్లో బాగోలేదా?"

"పొద్దున షెడ్డులోకి వచ్చావా వదినా? కారులో కూర్చున్నావా?"

"నేనా? ఆ కారు తలుపు తీసి ఎన్నేళ్ళయిందో. ఎందుకు?"

ఆమె మజ్జిగ గ్లాసు అతని ముందు పెట్టి, తను గోడకానుకుని కూర్చుంది. భర్త పోయాక ఆమె మనిషి కాస్త వంగింది. మాట మాత్రం ముక్కుసూటిగానే ఉంది.

"ఇద్దరూ ఇద్దరే. ఆయన కూడా అంతే, అన్నం ముందు కూర్చుని ఆ షెడ్డు వైపే చూసేవాడు."

"నా మీద కోపం," అన్నాడు చిన్నోడు. అంతకాలంగా లోపల అరిగిన మాట కాబట్టి తేలిగ్గానే వచ్చింది. "దీపాలు చూడటం నా పని కదా. ఆ సాయంత్రం నేను చూడలేదు. చూశానన్నట్టు చెయ్యి ఊపాను. సినిమాకు తొందరలో ఉన్నాను వదినా. సినిమాకు."

వదిన అతనికేసి వింతగా చూసింది.

"నీ మీద కోపమా? ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పడమెందుకు?"

"ఆ సాయంత్రం బ్యాటరీ తీగ విప్పి కడిగింది ఆయన. ఎవరో గిరాకీ పిలిస్తే, చేత్తో అలా తగిలించి, వచ్చాక బిగిద్దామని వెళ్ళాడు. మరిచిపోయాడు. అమ్మను నేనే చంపానే అని తలుపేసుకుని ఏడిచేవాడు. తమ్ముడి ముఖం చూడలేనే, వాడడిగితే ఏం చెప్పను అనేవాడు. నీతో చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కోపమట. కోపముంటే రోజూ నువ్వు తినేదాకా చెయ్యి కడగకుండా కూర్చునేవాడా?"

చిన్నోడికి నిజంగానే ఆ సంగతి తెలియదు. అన్న మెతుకులు ఎండిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం చూశాడు, కానీ ఎందుకో ఎన్నడూ ఆలోచించలేదు. మజ్జిగ అలాగే వదిలేసి లేచాడు.

మధ్యాహ్నమంతా ఏ బండీ రాలేదు. వీధి ఎండకు కళ్ళు మూసుకుంది. చిన్నోడు ఆకుపచ్చ కారు టైర్లలో గాలి చూశాడు, వైపర్ రబ్బర్లు తడిగుడ్డతో తుడిచాడు. చేతులు పనిలో ఉన్నా చెవులు మాత్రం కారు లోపలే ఉన్నాయి. తాళంచెవి చొక్కా జేబులో ఉంది. ఉందో లేదోనని పైనుంచి తడిమి చూసుకుని, వెనక్కి నడిచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఎడమ," అన్నాడు, గొంతులోనే.

ఎడమ దీపం పసుపుగా కొట్టుకోవడం మొదలైంది. లోపల టిక్కు టిక్కుమనే చప్పుడు కూడా వినిపించింది. తాళం తిప్పితే గానీ వెలగని దీపమది; తాళం జేబులోనే ఉంది. అతను దాన్ని గుడ్డ మీంచి గట్టిగా పట్టుకున్నాడు.

"కుడి."

కుడి వైపు.

"చాలు," అన్నాడు. ఆగిపోయింది. భయం వేస్తుందనుకున్నాడు. వేసింది కూడా, కాళ్ళలో. పైన మాత్రం, ఎంతోకాలంగా బిగుసుకున్న బోల్టు నూనె పోస్తే మొదటిసారి కదిలినట్టు, ఛాతీలో ఏదో కదిలింది.

సాయంత్రం షట్టరు సగం దించాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. అతను డ్రైవరు సీటు వైపు వెళ్ళలేదు. చుట్టూ తిరిగొచ్చి, పక్క సీటు తలుపు తీసి, లోపలికి ఎక్కి కూర్చుని తలుపు దగ్గరగా లాక్కున్నాడు. ఆ రాత్రి తరవాత అన్న పక్కన కూర్చోవడం ఇదే మొదటిసారి. పక్కకు తిరిగి చూడలేదు. చూస్తే ఖాళీగా ఉంటుందేమోనని ఒక భయం, ఉండదేమోనని ఇంకొకటి.

"వదిన చెప్పింది," అన్నాడు ఎదుటి అద్దంతో.

డ్రైవరు సీటు స్ప్రింగు సన్నగా కిర్రుమంది. ఎవరో బరువు ఒక తొడ మీంచి ఇంకో తొడ మీదికి మార్చుకున్నట్టు.

"నేనూ చూడలేదు అన్నయ్యా. నువ్వు అన్నీ వెలుగుతున్నాయా అనడిగావు. నేను చెయ్యి ఊపాను. చూస్తే తెలిసేది. దీపం మినుకుమనేది కదా, తెలిసేది." ఊపిరి అందక ఆగాడు. "నువ్వు బిగించలేదు, నేను చూడలేదు. ఇద్దరం చెరో సగం పంచుకోవాల్సింది. ఎవరికి వాళ్ళం మొత్తం మోశాం."

తరవాత ఏం మాట్లాడాలో అతనికి తోచలేదు. అన్నదమ్ములు ఏం మాట్లాడుకుంటారో మరిచిపోయి చాలాకాలమైంది. అన్న తరచూ నొక్కుకునే మెడ గుర్తొచ్చి, "మెడ నొప్పి ఎలా ఉంది?" అనడిగాడు. అడిగాక తనకే నవ్వొచ్చింది. నవ్వు వెంట మాటలు వచ్చాయి. మందుల షాపాయన నమస్కారం పెట్టాడని చెప్పాడు. నీకు పొగరన్నాడని చెప్పాడు. కూలెంట్ డబ్బా మూత మార్చాలని, వానలు మొదలయ్యేలోగా తలుపు రబ్బర్లు చూడాలని, వదిన మోకాళ్ళకు ఎవరైనా మంచి డాక్టర్ని అడగాలని చెప్పాడు.

చెబుతుండగా పక్క అద్దంలో వెనక గోడ ఎర్రబడటం కనిపించింది. ఎవరూ నొక్కమనలేదు. వెలిగింది, తగ్గింది, మళ్ళీ వెలిగింది. పని కాదది. కథ వింటూ మనిషి తెలియకుండా పాదం ఆడించినట్టుంది.

భుజంలోని నొప్పి మోచేతి దాకా దిగి, మళ్ళీ పైకొచ్చి, దవడ కింద కూర్చుంది. కేకేస్తే వదిన వస్తుంది. ఆ సంగతి అతనికి తెలుసు.

"కాసేపు ఇలాగే ఉందాం," అన్నాడు. "ఇప్పుడేం తొందర లేదుగా."

అప్పుడు పక్కకు తిరిగి చూశాడు.

దీపాలు పెట్టే వేళకు వదిన వెనక తలుపు తీసింది. షెడ్డులో మాటలు వినబడుతూనే ఉన్నాయి ఇందాకటి దాకా. ఒక గొంతా, రెండు గొంతులా అని ఆమె ఆలోచించలేదు. వంటింట్లో పని చేసుకుంటూ, చాలాకాలం తరవాత మాట్లాడుకుంటున్నారు, మంచిదే అనుకుంది. అనుకున్న మాట తనకు గడప మీద నిలబడ్డాక గానీ తగల్లేదు.

గోడ ఎర్రగా ఉంది.

"చిన్నయ్యా," అని పిలుస్తూ కారు దగ్గరికి నడిచింది. అతను పక్క సీట్లో ఉన్నాడు. తల డ్రైవరు సీటు వైపు వాలింది. ఎవరో చెప్పేది శ్రద్ధగా వింటున్న ముఖం. భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అలాగే ఉంచింది. అప్పుడు వెనక గోడ మీది ఎరుపు, ఎవరో మెల్లగా పాదం ఎత్తినట్టు, తగ్గి తగ్గి ఆరిపోయింది.

ఆమె వెంటనే ఏడవలేదు. తలుపు పట్టుకుని కింద చతికిలబడింది. షట్టరు కింద నుంచి వీధి వెలుగు పలచగా నేల మీద పరుచుకుని ఉంది. ఆ వెలుగులో, అతను కారెక్కే ముందు విడిచిన రబ్బరు చెప్పులు కనిపించాయి. కారెక్కిన మనిషి చెప్పులు కారు వైపు చూస్తూ ఉండాలి. ఇవి మాత్రం మడమలు అరిగి, వేళ్ళ గుంటలు పడి, బయల్దేరే మనిషి కోసం ఎవరో పక్కపక్కనే సర్దినట్టుగా, వీధి వైపు తిరిగి ఉన్నాయి.