అరుణ్ కుమార్ అభ్యంతరం

ఎండాకాలంలో ప్రతి ఆదివారం తెల్లవారగానే విశ్వాసమ్మ చర్చి ఊడ్చి, చాపలు పరిచి, కిటికీలు తెరిచి, రెండు కడవల నీళ్లు తెచ్చి పెడుతుంది. ఒక కడవ గుమ్మం దగ్గర, బతికున్నవాళ్లకు. ఇంకోటి వెనక వరస దగ్గర, సమాధుల తోట నుంచి వచ్చినవాళ్లకు. ఎప్పుడూ వెనక కడవే ముందు ఖాళీ అవుతుంది.

పత్తికొండ నుంచి షేర్ ఆటోలో పోతే వచ్చే ఆ ఊళ్లో చర్చి పాతది. మిషన్ దొరలు కట్టించిన మందపాటి రాతి గోడలు కాబట్టి లోపల చల్లగా ఉంటుంది. సమాధుల తోటలో మాత్రం నీడకు ఒక్క చెట్టు లేదు. కొన్నేళ్లుగా ఏప్రిల్ వస్తే చాలు, అక్కడి నేల రొట్టెల పెనంలా కాలిపోతోంది. ఒక ఏడాది ఇక పడుకోవడం తమవల్ల కాక సమాధుల్లోనివాళ్లు లేచి, ఆరాధన వేళకు వచ్చి చర్చిలో వెనక వరసలో కూర్చున్నారు. అప్పటినుంచి ప్రతి ఎండాకాలమూ అక్కడే గడిపి, వానలు మొదలయ్యాక వెళ్లిపోతున్నారు. కానుక సంచిలో ఏమీ వెయ్యరన్న మాటే గానీ, వాళ్లవల్ల సంఘానికి పెద్ద ఇబ్బంది లేదు. పాటలు మాత్రం పాత రాగంలో సాగదీస్తారు. ముందువాళ్లు మూడో చరణం ఎత్తుకునేసరికి వాళ్లింకా మొదటి చరణంలోనే ఉంటారు. పేచీ అంతా ఫ్యాన్ల దగ్గరే. ఆ చర్చిలో ప్రతి ఫ్యాను రెక్క మీదా ఎవరి జ్ఞాపకార్థం ఎవరిచ్చారో ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. పాత ఉపదేశి జయపాల్ తన పేరున్న ఫ్యాను కింద ఇంకొకరిని కూర్చోనివ్వడు. కొడుకులు తన జ్ఞాపకార్థం కొన్నారు కాబట్టి ఆ గాలి తన సొంతమని ఆయన వాదన.

విశ్వాసమ్మ భర్త ఏసన్నదీ ఆ వరసే. రెండేళ్ల కిందట మే నెలలో, టమాటా తోటలో డ్రిప్పు పైపులు సరిచేస్తానని పోయి వడదెబ్బకు సాళ్లలోనే పడిపోయాడు. ఎండ తగ్గాక పొమ్మని చెప్పి ఆమె కూలికి వెళ్లింది. ఆయన వినలేదు. ఆ కోపం ఆమెకు ఇంకా తీరలేదు. చర్చి ఊడ్చినప్పుడల్లా ఆయన చేతిలో తడి టవల్ పెట్టి, కరువుదీరా తిట్టి, ఆ తర్వాతే చాపలు పరుస్తుంది. బతికున్నప్పుడు ఎలా వినేవాడో ఏసన్న ఇప్పుడూ అలాగే వింటాడు, అంటే ఒక చెవితో.

ఈ ఎండాకాలంలో వాళ్ల కూతురు జెస్సీ పెళ్లి. జెస్సీ పత్తికొండలో ఒక ఆసుపత్రిలో నర్సు. పెళ్లికొడుకు అరుణ్ కుమార్ అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ సార్. ఒకరినొకరు ఇష్టపడ్డారు, పెద్దవాళ్లూ ఒప్పుకున్నారు. ఇక మిగిలింది చర్చిలో ప్రకటనలే. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పాస్టరయ్య సంఘం ముందు వాళ్ల పేర్లు చదివి, ఈ పెళ్లికి ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పమని అడగాలి. అడిగి కాసేపు ఆగాలి. ఆ కాసేపట్లో ఎవరో ఒకరు దగ్గుతారు, అందరూ తిరిగి చూస్తారు, దగ్గినవాళ్లు సిగ్గుపడతారు. ఆ చర్చి కట్టిన నాటినుంచి అభ్యంతరమంటూ లేచిన మనిషి లేడు.

మొదటి ప్రకటన అలా దగ్గుతోనే గడిచిపోయింది. రెండో ఆదివారం పాస్టరు రాజశేఖర్ అయ్యగారు ప్రకటన చదివి ఆగినప్పుడు ఒకరు లేచి నిలబడ్డారు. లేచింది పెళ్లికొడుకే.

"అయ్యగారూ, నాకుండాది," అన్నాడు అరుణ్ కుమార్.

విశ్వాసమ్మ ఇంకో పిల్ల ఎవరైనా ఉందేమో అనుకుంది. కర్నూలులో చదివేటప్పుడు ఏదైనా జరిగిందేమో అనుకుంది. ఆమె ఆలోచన కర్నూలు పోయి తిరిగొచ్చేలోపు అతను క్లాసులో పాఠం చెప్పినట్టు మొదలుపెట్టాడు. భూమి వేడెక్కుతోందన్నాడు. మంచుకొండలు కరుగుతున్నాయని, వానలు పడాల్సినప్పుడు పడకుండా పడకూడనప్పుడు పడుతున్నాయని చెప్పాడు. పంటలు రాక, తాగడానికి నీళ్లు లేక, జనం ఊళ్లు వదిలి, దేశాలు ఒకదాన్నొకటి పొడుచుకుని, ఆఖరికి మానవ నాగరికతే మిగులుతుందో లేదో తెలియదన్నాడు. మిగలదని కొందరు, కష్టాలు పడినా మిగులుతుందని కొందరు, బాగా చదువుకున్నవాళ్లే రెండుగా చీలి ఉన్నారన్నాడు.

"జీవితాంతం చూసుకుంటానని దేవుని ముందర ప్రమాణం చెయ్యాల. రేపు పిల్లలు పుడితే వాళ్లను ఎట్లాంటి లోకంలోకి తెస్తాండానో నాకే తెల్దు. తెలిసి తెలిసి అబద్ధం ఎట్ల చెప్పేది? మీరు అడిగినారు కాబట్టి చెప్తాండా," అని కూర్చున్నాడు.

పాస్టరయ్య చేతిలో పుస్తకం తిరగేశాడు. పెళ్లికొడుక్కి ముందే ఇంకో పెళ్లయి ఉంటే ఏం చెయ్యాలో అందులో ఉంది. పిల్లా పిల్లాడూ మరీ దగ్గరి రక్తమైతే ఏం చెయ్యాలో ఉంది. లోకం నిలుస్తుందో లేదో తెలియకపోతే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. అభ్యంతరం తేలేదాకా మూడో ప్రకటన చదవకూడదని మాత్రం ఉంది. వచ్చే ఆదివారానికి తేలకపోతే పెళ్లి ఆగినట్టేనని చెప్పి ఆయన ఆశీర్వాదం ఇచ్చి పంపేశాడు.

ఆ వారమంతా ఊరికి ఇంకో పని లేదు. అరుణ్ తల్లి రెజీనా వచ్చి విశ్వాసమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. తన కొడుకు చిన్నప్పటినుంచీ అంతేనని, ఎవరు ప్రశ్న అడిగినా చెయ్యెత్తకుండా ఉండలేడని, ఇంటర్వ్యూల్లో కూడా ఇలాగే ఉన్నదున్నట్టు చెప్పి మంచి ఉద్యోగాలు పోగొట్టుకున్నాడని చెప్పుకుంది. సంఘ పెద్దలు మారెన్న ఇంటి అరుగు మీద కూర్చున్నారు. మానవ నాగరికత మిగులుతుందా లేదా అన్నది వాళ్లు తేల్చాలి. తప్పకుండా మిగులుతుందన్నాడు మారెన్న, ఎందుకంటే ఆయన కొత్తగా బోరు వేయించాడు. మిగలదన్నాడు ఏసుబాబు, ఎందుకంటే ఆ బోరులో నీళ్లు పడలేదు. మాటా మాటా పెరిగింది. మధ్యలో టీ వచ్చింది. టీ తాగాక, మానవ నాగరికత సంగతి వచ్చే మీటింగుకు వాయిదా వేసి, చర్చికి ఇంకో ఫ్యాను కొనాలని తీర్మానించి లేచారు.

పెద్దలవల్ల కాదని తేలాక విశ్వాసమ్మ వెనక వరస వాళ్లను అడిగింది. పోయినవాళ్లకు మనకంటే ఎక్కువ తెలుస్తుందనుకోవడం మన పిచ్చి. ఎవరు పోయిన రోజు వరకు వాళ్లకు తెలుసు, అంతే. తన కాలంలో కూడా ఎవరో బోధకుడు వచ్చి లోకం ఇదిగో ముగిసిపోతోందని చెప్పాడని, ఆ మాట నమ్మి తన కాడెద్దులను బావమరిదికి ఊరికే ఇచ్చేశానని జయపాల్ చెప్పాడు. లోకం నిలబడింది, ఎద్దులే తిరిగి రాలేదట. ఇంకో ముసలామె, ఎప్పటిదో డొక్కల కరువులో పోయినామె, తన వాడ మట్టుకు లోకం ముగిసిందని, తర్వాత దాని పక్కనే ఇంకో వాడ లేచిందని చెప్పి మళ్లీ కునుకు తీసింది. దీన్నిబట్టి విశ్వాసమ్మకు ఏమీ తేలలేదు. మొగుడి వైపు తిరిగింది.

"నువ్వన్నా ఒక మాట చెప్పప్పా. కూతురు నీకు గూడా పుట్టింది."

"ఆలోచన చేస్తాండా," అన్నాడు ఏసన్న, ఫ్యాను వైపు చూస్తూ.

బతికున్నప్పుడు చెయ్యాల్సిన ఆలోచన ఇప్పుడు చేస్తున్నాడని ఆమె మళ్లీ మొదటినుంచీ తిట్లు అందుకుంది.

నిజానికి ఆమె బాధ వేరు. కాబోయే అల్లుడు చెప్పేది అబద్ధమని ఊళ్లో ఎవరైనా అనొచ్చు గానీ ఆమెవల్ల కాదు. ఆ ఎండ తన మనిషినే మింగింది. రేపు జెస్సీని మింగదని, జెస్సీ బిడ్డల్ని మింగదని తను మాత్రం ఏ ముఖంతో చెబుతుంది? ఇంకో సంబంధం చూద్దామా అని జెస్సీని అడిగి చూసింది. జెస్సీ యూనిఫాం ఇస్త్రీ చేస్తూ తల అడ్డంగా ఊపింది.

"ఇంకా పుట్టని పిల్లోళ్ల కోసం ఇప్పుడే భయపడే మనిషి నాకు ఇంగొకడు యాడ దొరుకుతాడు మా?"

జెస్సీ అతనికి ఫోన్ చేయకపోలేదు. తనను పెళ్లి చేసుకోకపోతే భూమి చల్లబడుతుందా అని అడిగింది. అది కూడా లెక్క వేసి చూశానని, ఏమాత్రం చల్లబడదని అతను నిజాయితీగా ఒప్పుకున్నాడు. మరి అభ్యంతరం వెనక్కి తీసుకోమని మాత్రం ఆమె అడగలేదు. తన కోసం తీసుకుంటే అది అబద్ధమవుతుంది. అబద్ధం చెబితే ఆ మనిషికి జ్వరం వస్తుంది.

మూడో ఆదివారం చర్చి నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. టీ కొట్టు సుంకప్ప అంగడి మూసి కిటికీ బయట నిలబడ్డాడు. ఆరాధన అయ్యాక పాస్టరయ్య పుస్తకం తెరిచి, అభ్యంతరం తేలిందా అని అడిగాడు. అరుణ్ కుమార్ లేచాడు. వారమంతా నిద్రలేక కళ్లు లోతుకు పోయాయి. దొరికినవన్నీ చదివానని, చదివేకొద్దీ ఇంకా భయమేసిందని, తేలలేదని చెప్పాడు. పాస్టరయ్య నిట్టూర్చి పుస్తకం మూయబోయాడు. విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వెనక వరసలో ఏసన్న లేచాడు.

ఆ వరసవాళ్లు పాటలు పాడటమే గానీ సంఘంలో మాట్లాడింది లేదు. కూర్చోమని విశ్వాసమ్మ అక్కడినుంచే సైగ చేసింది. ఆయన చూడనట్టే ఉన్నాడు.

"నాయనా, నువ్వు చెప్పిందంతా నిజమే," అన్నాడు ఏసన్న. "ఎండ శానా ఎక్కువైంది. మీ పుస్తకాలు రాసినోళ్లు ముందే కనుక్కున్నారు, నేను రోంత ఆలస్యంగా తెలుసుకుంటి."

విశ్వాసమ్మ నెత్తి కొట్టుకుంది. పోయి కూడా కూతురి పెళ్లి చెడగొట్టడానికే లేచాడనుకుంది.

"ఐతే ఆ పొద్దు ఏమైందో చెప్తా ఇను. తల తిరగబట్టె. ఇంగొక పైపు, ఇంగొక పైపు అనుకుంటాంటి. వడదెబ్బ తగిలినోనికి తగిలిందని తెల్దు నాయనా. పక్కనుండే మనిషికే తెలుస్తాది. సాలు లేప్పా, నీడకు పా అని రెక్క పట్టుకోని లాగేదానికి ఇంగొక మనిషి ఉండింటే, నేనీ పొద్దు ముందర కూచోని నీ పెండ్లి మాట వింటాంటి. ఎండ పెండ్లికి అడ్డం కాదు. ఒంటిగా పొయ్యేదానికి అడ్డం."

జెస్సీకి ఆసుపత్రిలో రోజూ చూసే సంగతే అది. వడదెబ్బ తగిలినవాళ్లు తమంతట తాము రారు, ఎవరో ఒకరు మోసుకొస్తారు. అయినా తండ్రి నోట వినేసరికి కళ్లనీళ్లు ఆగలేదు. తుడుచుకోకుండానే అరుణ్ వైపు చూసింది. అతను నుదురు ముడిచి నిలబడి ఉన్నాడు. సైన్స్ చదివినవాడు కదా, మంచి మాటే అయినా ఒక ప్రశ్న అడగనిదే ఒప్పుకోడు.

"మామా, ఇద్దురూ ఒకేసారి పడిపోతే?"

"అప్పుడు ఇంగో ఇద్దురు కావాల," అన్నాడు ఏసన్న. "ఊరు అనేది అందుకే పెట్టుకునింది."

అరుణ్ కుమార్ పాస్టరయ్య వైపు తిరిగి, తన అభ్యంతరం అలాగే ఉందని, కానీ అది ఈ పెళ్లి మీద కాదని చెప్పాడు. మరి ఎవరి మీద రాసుకోవాలో పాస్టరయ్యకు తెలియలేదు, అడగడానికి ధైర్యమూ చాలలేదు. ఇంకెవరూ లేవకముందే గబగబా పుస్తకం తెరిచి మూడో ప్రకటన చదివేశాడు. ఈసారి దగ్గడానికి కూడా ఎవరూ సాహసించలేదు. పెళ్లి ఖాయమైంది. కిటికీ బయటినుంచి సుంకప్ప అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

ఏసన్న ఇంకా నిలబడే ఉన్నాడు. తిరిగి తన వరసకు పోతాడనుకున్నారు. పోలేదు. ఆ చర్చిలో మగవాళ్లు ఎడమ పక్క, ఆడవాళ్లు కుడి పక్క కూర్చుంటారు. వెనక వరస వాళ్లు కూడా పోయాక ఆ పద్ధతి మానలేదు. ఆయన మధ్య దారి దాటి ఆడవాళ్ల చాపల మధ్యనుంచి నడిచి వచ్చి, విశ్వాసమ్మ దగ్గర ఆగాడు. కూర్చోవచ్చో లేదో తెలియక అక్కడే నిలబడ్డాడు. ఆమె దగ్గర ఇంకా బోలెడు తిట్లు మిగిలే ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. "సాలు లేప్పా," అంది, ఆయనకు మాత్రమే వినబడేలా. చెయ్యి చాచి ఆయన రెక్క పట్టుకుని, గట్టిగా లాగి, పక్కన కూర్చోబెట్టుకుంది.