యంత్రానికి నేర్పిన చివరి పాఠం

బావ ఇంకా యంత్రం చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఆ పట్టు వదలకముందే అతని మెడలోని గేటు కార్డు లాగేసుకున్నారు.

కార్ల ఫ్యాక్టరీ అది. అమ్మకాలు పడిపోయి మూతపడే స్థితికొచ్చింది. ఇప్పుడు కొత్త పేరు పెట్టి, ఇనప చేతుల యంత్రాలు దించి, "కంపెనీ మళ్లీ పుట్టింది" అని చైర్మన్ ఊదరగొడుతున్నాడు. మనిషి ఆ ఇనప చెయ్యి పట్టుకుని ఒకసారి పని చేయిస్తే చాలు, అది గుర్తుపెట్టుకుని అచ్చం అలాగే చేస్తుంది. పసిపిల్లకి పలక మీద అక్షరం దిద్దించినట్టే. వెల్డింగు చేసే బావ ఓపిగ్గా దిద్దించాడు. అది నేర్చుకోగానే, ఇక దయచెయ్యమన్నారు.

పక్కనున్న పెయింటు షెడ్డు గుమ్మంలోంచి రంగులక్క అంతా చూసింది. బావంటే ఆమె అక్క మొగుడు. ఆమె చేతికి మొదటిసారి స్ప్రే గన్ ఇచ్చింది ఆయనే.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెయింటు షెడ్డు జనమంతా మూగారు.

"రేపు మన వంతు. విరగ్గొట్టేద్దాం!" అన్నాడు పొట్టి ఫిట్టరు.

"విరగ్గొడితే ఇన్సూరెన్సు చైర్మన్‌కి, జైలు నీకు," అంది రంగులక్క.

"అయితే నేర్పనని మొండికేద్దాం."

"ఇంకొకణ్ణి తెస్తాడు. ఆకలిగా ఉన్నోళ్లకి కరువా?"

"మరేం చేద్దామే తల్లీ? పురుడు పోసినోళ్లనే గెంటేస్తున్నాడు, బిడ్డ పుట్టిందని సంబరమట!"

"నేర్పుదాం," అంది రంగులక్క. "మన కడుపుమంట కూడా కలిపి నేర్పుదాం."

"ద్రోహి!" అని ఎవరో అరిచారు. ఆమె గొంతు తగ్గించి విషయం చెప్పింది. అరిచినవాడే అందరికంటే ముందుకు జరిగాడు.

కొత్త యంత్రాలు చూడ్డానికి పెట్టుబడిదార్లు వచ్చే రోజు రానే వచ్చింది. అది అయ్యేదాకా పెయింటర్లని ఉండనిచ్చారు. ముందురోజు పరీక్షల్లో వాళ్లు నేర్పిన యంత్రాలు వంక పెట్టడానికి లేకుండా పనిచేశాయి. ఆ పొద్దున సూపర్వైజరు కుర్చీలు వేయించే హడావిడిలో ఉండగా, పెయింటర్లు షెడ్డులోని ఎనిమిది ఇనప చేతులకీ చివరి పాఠం దిద్దించారు.

చైర్మన్ మీట నొక్కాడు. ఇనప చేతులు కారు తలుపులకి నున్నగా రంగు వేశాయి. చప్పట్లు మోగాయి. అంతలో ఎనిమిదీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి, గోడ మీద మెరుస్తున్న కంపెనీ కొత్త పేరు మీద పడ్డాయి. ముందు పల్చగా ఒక పూత, తర్వాత దట్టంగా ఇంకొకటి. తొందర లేదు, ఒక్క చుక్క కారలేదు.

"ఆపండ్రా!" అని చైర్మన్ అరిచాడు.

ఆపే మీట ముందు కార్మికులు చేతులు కలిపి గోడ కట్టారు. పేరంతా ఎర్ర రంగు కింద కనబడకుండా పోయాకే పక్కకి జరిగారు.

"ఎవరు నేర్పారు?"

"నేనే. ఎలా ఉంది సార్ పనితనం?" అంది రంగులక్క.

పోలీసులు ఆమెను జీపెక్కించారు. చైర్మన్ మిగతావాళ్ల వైపు తిరిగాడు. "అది చెరిపేసి మళ్లీ నేర్పండి! రెట్టింపు జీతమిస్తా."

పొట్టి ఫిట్టరు చేతులు వీపు వెనక్కి కట్టుకున్నాడు. పక్కవాడూ కట్టుకున్నాడు. షెడ్డంతా కట్టుకుంది. పట్టుకునేవాళ్లు లేక ఇనప చేతులు గాల్లో అలాగే నిలబడిపోయాయి.

"ముందు నువ్వే నడిచెళ్లి ఆ జీపు ఆపు," అన్నాడు ఫిట్టరు. "మా అక్కని దించు. గేటు బయటున్న బావని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురా. అప్పుడు మాట్లాడదాం."