ముని సముద్రం తాగిన సీడీ

ఎరుకమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. అత్త చచ్చిపోతుందని.

లోకంలో కోడళ్ల భయం మామూలుగా దీనికి ఎదురుగా ఉంటుంది. కానీ ఎరుకమ్మ మూడేళ్ల కొడుకు మల్లేశు తల్లి పెట్టిన ముద్ద ఉమ్మేస్తాడు, నాన్నమ్మ పెట్టిన ముద్ద మింగుతాడు. వాడి ఒళ్లు వెచ్చబడితే అది జ్వరమో, దిష్టో, దొంగ ఏడుపో తేల్చేదీ ఆవిడే. మొగుడు నూకన్న వేటకు పోతే నాలుగు రోజుల దాకా గట్టెక్కడు. ఆ నాలుగు రోజులూ, వీధిలో హిందీ నడిచే ఈ దీవిలో, ప్రోతరాపూర్ ఇంట్లో ఎరుకమ్మ గుండెకు గొళ్లెం అత్త ముసలమ్మే. ముసలమ్మ అన్నది వయసు చూసి పెట్టిన పేరు కాదు, అమ్మవారి పేరు. ఉయ్యాల్లో ఉన్నప్పుడూ ముసలమ్మే. ఇన్నాళ్లకు పేరుకు తగ్గట్టు తయారైంది.

ఆ ముసలమ్మ తన చావుకొక వాయిదా పెట్టుకుంది. పద్నాలుగేళ్ల కిందట ఆదివారం ఆదివారం టీవీలో హిందీ పురాణం ఒకటి వచ్చేది. అసలు పేరు బారెడు, ఊరంతా మునిగారి సీరియల్ అనేది. టీవీకి దండేసి, చెప్పులు బయట విడిచి చూసేవారు. ఓ ఆదివారం అగస్త్య ముని దోసిలి పట్టి, సముద్రాన్ని తాగబోతూ ఆగిపోయాడు. మిగతాది వచ్చే వారం అన్నారు. వచ్చే వారం కరెంటు పోయింది.

"ముని సముద్రమంతా తాగీసినాడు గదా, మరి సేపలేటయినాయి? వలలోళ్లు ఏటి తిన్నారు? అది సూస్తే గానీ నాను సావను," అని ముసలమ్మ ఆనాడే ఒట్టేసింది.

ఎరుకమ్మకు ఇలాంటి ఒట్లంటే హడల్. ఆమె తాత జోగులు కూడా "కొత్త ఓడ సూసి పోతాను" అన్నాడు. ఓడ జెట్టీకి తాడు కట్టింది, అదే పూట తాత తాడు విప్పుకున్నాడు.

ఇలా ఉండగా నూకన్న సీడీ ప్లేయరు కొన్నాడు. కొని ఊరుకోకుండా, "అమ్మకి మునిగారి సీడీలు పట్రా," అని పెళ్లాన్ని పురమాయించి సముద్రమ్మీదికి పోయాడు. ఎరుకమ్మ బస్సెక్కి మిన్నీ బేలో సత్యారావు సీడీల దుకాణానికి వెళ్లింది.

"దీదీ, రెండు రకాలున్నాయి," అన్నాడు సత్యారావు. "హిందీది పూరా, ఇరవై ఆరు సీడీలు. తెలుగుది ఎనిమిదే. అట్ట మీదేదో రాసుంది గానీ, నాకు తెలుగు మాటాడ్డమే, సదవడం రాదు."

ఎరుకమ్మ కూడబలుక్కుని చదివింది. 'సంక్షిప్తం.' ఆమె చదువు ఏడుతో ఆగిపోయినా ఈ మాట మాత్రం గుర్తుంది. పరీక్షలో 'సంక్షిప్తముగా వ్రాయుము' అని ఉంటే రెండు ముక్కలు గీకి లేచిపోవచ్చు.

"ముని సముద్రం తాగింది ఇందులో ఉందా భయ్యా?"

"లేదు. 'తాగెను' అని ఓ గొంతు సెప్తాది, అంతే. నువ్వు హిందీదే పట్టుకెల్లు."

"లేనిదే ఇయ్యి."

"లేనిదా?"

"పక్కా లేనిదే."

ఎక్కువున్నది అడిగేవాళ్లనే చూసిన సత్యారావు, నోరు తెరుచుకునే కట్టిచ్చాడు.

ఇంట్లో మొదటి సీడీ పెట్టగానే ముని నోరు విప్పాడు. ముసలమ్మ చెయ్యెత్తింది.

"ఆపవే. ఎవుడీడు? బెజవాడ ప్లీడరులాగ మాటాడతన్నాడేటి? దేవుళ్లది హిందీ గదే!"

"హిందీ నీకు సగమే కదత్తా తెలిసేది?"

"దేవుడి మాట సగమే తెలియాల. మొత్తం తెలిసిపోతే ఆడు దేవుడేటి, మన సత్యారావు."

మర్నాడు ఎరుకమ్మ ఎనిమిదీ ఇచ్చేసి ఇరవై ఆరూ తెచ్చుకుంది. ముని సముద్రం తాగేది పదిహేడోదని సత్యారావునడిగి తెలుసుకుని, దాన్ని పక్కకు తీయించి, ఇంటికి రాగానే బియ్యం డబ్బా అడుగున పాతేసింది.

రోజుకొకటి చొప్పున ఆట సాగింది. పదహారోది ముని దోసిలి దగ్గర ఆగింది. పద్దెనిమిదోదాంట్లో ముని గడ్డం తుడుచుకుంటున్నాడు, దేవతలు ఎండిపోయిన ఇసకలో నడుస్తున్నారు. ఒక్క చేప లేదు. ఎరుకమ్మ ఓరకంట అత్తను చూసింది. ముసలమ్మ తాపీగా చుట్ట వెలిగించింది.

"బియ్యం డబ్బాలోనే ఉండనీలే, పురుగు పట్టదు," అంది.

"అత్తా! నీకు తెలుసా?"

"ఒండేది నువ్వొక్కర్తివేనా? ఓలే పిచ్చిదానా, ఆ సీరియల్ టీవీలో రెండోసారి ఏసినప్పుడు కరెంటు పోనేదు. ఆ ఆదివారం నానే పెరట్లోకెల్లి, అయిపోయిందాకా ఎండుసేపలు తిరగేత్తా కూకున్నాను. సూసీసినానంటే, ఆ పైవోడు కబురెడితే ఏ సాకు సెప్పాల?"

ఎరుకమ్మ నవ్విందో, ఏడ్చిందో ఆమెకే తెలీదు. ఆ పూట మాత్రం రెండు ముద్దలు ఎక్కువే తింది.

ఆ నిశ్చింత మర్నాటి దాకానే. అత్తాకోడళ్లు మాటల్లో పడి, పక్కనే కూర్చుని కళ్లప్పగించి చూసిన మల్లేశును మరిచిపోయారు. తెల్లారాక వాడు నాన్నమ్మ కొంగు పట్టుకున్నాడు.

"దాదీ, మఛ్లీ కహాఁ గయీ?"

చేపలెక్కడికి పోయాయి? పద్నాలుగేళ్ల నాటి ప్రశ్నే, ఈసారి దేవుళ్ల భాషలో. మనవడు అడిగితే నోట్లో పన్నయినా ఊడదీసి ఇచ్చే మనిషి ముసలమ్మ. బియ్యం డబ్బా వైపు చూసింది. ఎరుకమ్మ అడ్డం నిలబడింది. ఆ రోజు గడిచింది, ఆ వారమూ గడిచింది. వాడి ప్రశ్న మాత్రం గడవలేదు.

ఇప్పుడు ఎరుకమ్మకు తొమ్మిదో నెల. రెండో పురుడు పోయడానికి తల్లి వచ్చి ఆమెను హోప్ టౌన్‌లోని పుట్టింటికి తీసుకెళ్లింది. మల్లేశు నాన్నమ్మను వదిలి రానని నేల మీద దొర్లి, అక్కడే ఉండిపోయాడు. బయల్దేరే ముందు సీడీని వెంట తీసుకుపోదామని ఎరుకమ్మ డబ్బా అడుగు దాకా వెతికింది. బియ్యమే ఉంది. అడిగితే ముసలమ్మ, "నాకేటి తెలుసు, ముని తాగీసినాడేమో," అంది. నూకన్న మళ్లీ వేటలో ఉన్నాడు. ముసలమ్మ ఫోనెత్తదు, చెవిలోంచి గాలి పోతుందట.

మీరెవరైనా అటు వెళ్తే ప్రోతరాపూర్ బస్సు దిగి, పెరట్లో ఎండుచేపలున్న ఇల్లు అడిగి, ముసలమ్మను ఓసారి చూసి రండి. లోపల్నుంచి దేవుడి హిందీ వినిపిస్తే ఆలోచించకుండా తలుపు బాదండి. తిట్లు మొదలైతే భయం లేదు, ఆ తిట్లు ఉన్నవున్నట్టుగా హోప్ టౌన్‌కు చేరవేయండి. ఎరుకమ్మ కాచుకుని ఉంది.