కమలవ్వ పిలవని పిలుపు

మాట్లాడకుండా కూర్చోవడానికి కూడా బస్సెక్కి పోవాలా అని హన్మంతుకు మొదటినుంచీ మంటగానే ఉంది. ఆ పని దోమకొండ పక్క ఊళ్లో తమ ఇంట్లోనే మొన్నటి వానాకాలం నుంచీ జరుగుతూనే ఉంది కదా. ఒక్కగానొక్క కూతురు నిహారిక కామారెడ్డి కాలేజీకి స్కూటీ మీద పోతూ లారీ కింద పడి చనిపోయింది. అప్పటినుంచి భార్య కమలవ్వ ఆయన్ను నోరారా పిలిచింది లేదు. అన్నం వడ్డిస్తే పళ్లెం చప్పుడు చేస్తుంది. ఆయన పొలంలో ఉంటే అక్కడిదాకా నడిచొచ్చి ఎదురుగా నిలబడుతుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది, అంతే.

ఎందుకో ఆయనకు తెలుసు. "బస్సుండంగ బండెందుకు" అని ఆమె మొత్తుకుంటున్నా వినకుండా స్కూటీ కొన్నది ఆయనే. బిడ్డ వెనకాల పరుగెత్తుతూ నేర్పిందీ ఆయనే. దుమ్మెత్తిపోసినా బాగుండేది. ఆ ఇల్లాలు పల్లెత్తు మాట అనలేదు, అందుకే ఆయనకు తిండి సహించడం మానేసింది.

తమ్ముడు సుందర్ చూసి చూసి, ఎల్లారెడ్డి దగ్గర పొలాల మధ్య పెట్టిన మౌన ధ్యాన శిబిరంలో ఇద్దరి పేర్లూ రాయించాడు. "మనసు తేలికైతదన్నా, వదినెను తీస్కొని పోయి రా" అన్నాడు. హన్మంతు ఒప్పుకున్నది మనసు తేలికవడానికేం కాదు. ఆఖరి రోజు మౌనం విడిచాక అక్కడ అందరూ మాట్లాడుకుంటారట. అప్పుడైనా కమలవ్వ తనను పిలుస్తుందేమోనని ఆశ.

రాగానే ఫోన్లు తీసుకున్నారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. మాట వద్దు, సైగ వద్దు, కళ్లు కూడా కలపొద్దు. ధ్యానం నేర్పే కృపాజ్యోతి మేడం శ్వాసను గమనించమంది. హన్మంతు గమనించాడు. ఊపిరి లోపలికి పోయేటప్పుడు బాగానే ఉండేది, బయటికి వచ్చేటప్పుడు బిడ్డ గుర్తొచ్చేది. పక్కన పిట్లం నుంచి వచ్చిన ఎరువుల దుకాణం ఆయన కూర్చున్నచోటే గురక పెట్టేవాడు. గురకకు మాత్రం నిషేధం లేదు. భోజనాల దగ్గర తెర అవతల కమలవ్వ చీర అంచు కనిపించేది. తింటోందో లేదో తెలిసేది కాదు.

మౌనం విడవడానికి ముందటి సాయంత్రం అందరినీ నడకకు వదిలారు. హన్మంతు గట్టు మీద పోతూ, ఎంతైనా రైతు కాబట్టి, కాలి కింద చూసుకోకుండా పక్కవాళ్ల వరి ఎట్లా ఉందో చూస్తున్నాడు. వెనకాల దూరంగా ఆడవాళ్లు వస్తున్నారు. ఉన్నట్టుండి పరుగు చప్పుడు వినిపించింది. ఎవరో చొక్కా పట్టుకుని వెనక్కి గుంజారు. చూస్తే కమలవ్వ. ఆయన అడుగు వేయబోయిన చోటినుంచి పాము ఒకటి మెల్లగా మడిలోకి జారిపోయింది.

పాము పోయింది గానీ హన్మంతుకు ఒళ్లు మండిపోయింది. అంత దూరం నుంచి చూసిన మనిషి ఒక్క కేక వేస్తే సరిపోయేది. మౌనం సంగతే మరిచిపోయాడు.

"పాము కరుస్తున్నా పిలువవా నన్ను? గంత కోపమా నా మీద?"

కమలవ్వకు ఇంకా రొప్పు తగ్గలేదు. "కోపమెందుకు?"

"బండి కొనిచ్చిన కదా."

"అది అడిగింది, నువ్వు కొనిచ్చినవ్. దానికి నేనేమన్న అన్ననా?"

"ఏం అంటలేవు. నా బాధ గదే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్ను ఏమని పిలువాలె? పేరు పెట్టి పిలువరాదాయె. అది పుట్టినప్పటి సంది 'నిహారిక బాపూ' అనే పిలిచిన. ఇంకోటి నాకు రాదు. నోరు తెరిస్తే ముందుగాల దాని పేరే వస్తది. అది వస్తే నేను ఆగుతనా?"

హన్మంతు అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. కోపమనుకుని ఇన్నాళ్లూ ఆమెకు మొహం చాటేశాడు. ఆమె గొంతులో ఆగిపోయింది కోపం కాదు, బిడ్డ పేరు.

"ఒక్కసారి పిలువు" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే "నిహారికా" అంది. దాని పక్కన రావాల్సిన మాట రాలేదు. ఆ పేరునే పట్టుకుని, పొలం అవతల ఎవరో పోతుంటే ఆపుతున్నట్టు గొంతెత్తి మళ్లీ మళ్లీ పిలిచింది. శిబిరమంతా వింది. కృపాజ్యోతి మేడం గేటు దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

పలకాల్సిన పిల్ల లేదు. ఆమె పిలిచిన ప్రతిసారీ హన్మంతే "ఆఁ" అన్నాడు.