గోడ బయటి మందారం

ఆ ముద్దమందారం మీద ఒక్క పువ్వయినా విచ్చుకోగా చూడాలని సుబ్బలక్ష్మికి రెండేళ్లుగా కోరిక. అదేమంత పెద్ద వరం కాదు. గోపన్‌పల్లిలో ఇల్లు కట్టుకున్న ఏడాదే ప్రహరీ గోడ వారగా మొక్క నాటింది. వేపపిండి వేసింది, పిండినల్లికి సబ్బునీళ్లు కొట్టింది, అదనుకు కొమ్మలు కత్తిరించింది. మొక్క విరగబూసింది. పూసి ఏం లాభం? తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు. చుట్టూ అపార్టుమెంట్లు, వాటి నిండా భక్తులు. వాకింగ్ పేరుతో కవరు పట్టుకుని బయల్దేరి, కనపడిన పువ్వునల్లా కోసుకుపోతారు. దేవుడికి దొంగసొమ్ము పెట్టడానికి ముందుగా తలస్నానం ఒకటి.

ఆ రోజు ఐదింటికే లేచి గేటు వెనక కాపు కాసింది. ఎదురు అపార్టుమెంటు సరోజమ్మ వచ్చింది, చేతిలో కొక్కెం కట్టిన కర్ర. సగం విచ్చిన మొగ్గను పట్టి లాగింది. కొమ్మ కూడా పుటుక్కున విరిగింది.

"ఏంటండీ ఈ పని?" సుబ్బలక్ష్మి గేటు తోసుకుని బయటికొచ్చింది.

"దేవునికే గదమ్మా, గింత పరేషాన్ ఎందుకు? గోడ బయటికొచ్చినయి అందరియి."

"మీ మనవలు రోడ్డు మీదికొస్తే వాళ్లూ అందరివాళ్లేనా?"

సరోజమ్మ మొగ్గను కవర్లో వేసుకుని వెళ్లిపోయింది.

విరిగిన కొమ్మ పట్టుకుని సుబ్బలక్ష్మి లోపలికొచ్చింది. ఒళ్లు మండిపోతోంది. పూజలో కూర్చుంటే తగ్గుతుందేమో అనుకుంది. అప్పుడే ఆమె భర్త బుల్లిబాబు వాకింగ్ నుంచి వచ్చి, రోజూలాగే పూల కవరు గుమ్మం పక్కన బల్ల మీద పెట్టాడు. బజార్లో కొంటున్నాడనే ఇన్నాళ్లూ ఆమె నమ్మకం. ఇవాళ కవరు విప్పి పరీక్షగా చూసింది. నందివర్ధనాలు. మంచు తడి ఇంకా ఆరలేదు. రెండు పూలకు లేత రెమ్మ, ఆకులు కూడా అంటుకుని ఉన్నాయి. బజారు పూలకు ఆకులుండవు.

"ఇవెక్కడివండీ?"

"మలుపులో పెంకుటింటివిలే. గోడ బయటికొచ్చినవి అందరివీనూ," అన్నాడాయన చెప్పులు విప్పబోతూ.

రెండేళ్ల పూజలు ఆమె కళ్ల ముందు తిరిగాయి. సరోజమ్మ మీద వచ్చిన కోపానికి పదింతలు ఆయన మీద వచ్చింది. ఒక్కనాడూ కవర్లోకి తొంగిచూడని తన మీద ఇంకా ఎక్కువ వచ్చింది. కవరు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"చెప్పులు విప్పకండి. ఆ ఇల్లు చూపించండి."

"ఇప్పుడా? వెళ్లి ఏమని చెబుతాం?"

"నేను చెబుతాను, నడవండి."

ఆయన ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే గేటు తీసి పట్టుకుని నిలబడింది.