సిస్టరుగారి గవ్వ

ఆ రోజు ఆ ఇంట్లో నలుగురున్నారు. మంచం మీద ఆరోగ్యమ్మ, వంటగదిలో ఆమె కోడలు ఏంజెల్, వరండాలో బూట్లు తొడుక్కుంటున్న కొడుకు సుధీర్, మంచం పక్కన పీట మీద ఆయా బుల్లెమ్మ. పూటకోసారి వచ్చివెళ్లే నర్సు సాయిదివ్యను బుల్లెమ్మ ఇంటి మనుషుల్లో కలపదు. వచ్చిపోయే మనిషి మాటను ఉన్న మనిషి మాటగా తీసుకోకూడదని ఆమె నమ్మకం.

బుల్లెమ్మ ఆరోగ్యమ్మ నడుం కింద చెయ్యి దూర్చి, మెల్లగా ఎడమ పక్కకు తిప్పింది. వీపుకు దిండు ఆనించి, మోకాళ్ల మధ్య దుప్పటి మడత పెట్టింది. తుంటి ఎముక మీద చర్మం ఎర్రబడిందేమోనని వేలితో నొక్కి చూసింది. చేతులు కడుక్కొచ్చి, కిటికీలోని రెండు స్టీలు గ్లాసుల్లో ఎడమదానిలోంచి ఒక గవ్వ తీసి కుడిదానిలో వేసింది.

అవి దరియాలతిప్పలో తన ఇంటి దగ్గర ఏటి ఒడ్డున ఏరుకున్న గవ్వలు. బుల్లెమ్మకు చదువు రాదు. రోజూ ఉండే పనులకు పొద్దున రాగానే, సిస్టరు చెప్పే పనులకు ఆమె చెబుతుంటే తిరిగి పైకి చెప్పి, ఒక్కో గవ్వ ఎడమ గ్లాసులో వేసుకుంటుంది. పని అయ్యాక అది కుడి గ్లాసులోకి మారుతుంది. సాయంత్రం ఎడమ గ్లాసు ఖాళీ అయితేనే ఇంటికి బయలుదేరుతుంది.

పదేళ్ల కిందట ఒక నర్సింగ్ హోములో ఆయాగా ఉన్నప్పుడు ఈ గవ్వలు లేవు. ఒక సిస్టరు నడుస్తూ నడుస్తూ, "ఆ పేషెంట్ కాళ్లకి వేడినీళ్ల సంచి పెట్టు" అని వెళ్లిపోయింది. ఆ కాళ్లకు స్పర్శ లేదని చెప్పలేదు. పాదం బొబ్బలెక్కింది. తర్వాత, "నేను చెప్పలేదే!" అంది సిస్టరు. పోయింది బుల్లెమ్మ ఉద్యోగం. అప్పట్నుంచి ఆమె పాలు వాసన చూడనిదే కాచదు, మందు అట్ట వెలుగులో తిప్పి చూడనిదే మాత్ర తియ్యదు.

ఎనిమిదింటికి సాయిదివ్య వచ్చింది. బీపీ చూసింది, షుగర్ చూసింది, చార్టు రాసింది. రోజూ మధ్యాహ్నం తనే వచ్చి ఇన్సులిన్ వేస్తుంది. ఆ రోజు మాత్రం సిరంజి నింపి ఫ్రిజ్ తలుపు అరలో పెట్టింది.

"పిన్నీ, నాకు ఇంకో కేసు తగిలింది. ఒంటిగంటకి గంజి ముందు నువ్వే వేసెయ్యి. ఎన్నిసార్లు చూళ్లేదు!"

"చూడ్డం వేరండీ, వెయ్యడం వేరండీ. మామ్మగారు గంజి తాగకపోతే వెయ్యాలో మానాలో నాకేం తెలుస్తాదండి?"

"తాగుతుందిలే." సాయిదివ్య నవ్వి, కిటికీలోని గవ్వల సంచిలోంచి తనే ఒకటి తీసి ఎడమ గ్లాసులో వేసింది.

బుల్లెమ్మ దాన్ని తీసి సిస్టరు అరచేతిలో పెట్టింది. "ఇది మీ గవ్వండి. నాది కాదు."

"అబ్బ, నీతో పెద్ద కోర్టు పిన్నీ!" సాయిదివ్య ఆ గవ్వను ఫ్రిజ్ మీద పడేసి, స్కూటీ తీసుకుని వెళ్లిపోయింది.

బుల్లెమ్మ చార్టు దగ్గరకు వెళ్లింది. అక్షరాలు తెలియవు కానీ గళ్లు తెలుసు. రోజూ ఈ వేళకు టిక్కులు మూడు. ఈ రోజు నాలుగు; నాలుగోది మధ్యాహ్నం ఇంజక్షన్ గడిలో. వేలితో మళ్లీ లెక్కపెట్టింది. నాలుగే.

పన్నెండున్నరకు, దిగుతుందో లేదో చూద్దామని ఆరోగ్యమ్మ నోట్లో చెంచాడు గంజి పోస్తే పెదవి చివరనుంచి దిండు మీదికి కారిపోయింది. రెండో చెంచా కూడా అంతే. ఎనభై నాలుగేళ్ల మనిషి. ఇంటికి తీసుకెళ్లండని పెద్దాసుపత్రి వాళ్లు చెప్పి నెల దాటింది. అయినా నిన్నటి దాకా గంజి దిగింది.

"అమ్మాయిగారూ, సిస్టరుగారికి ఫోన్ చెయ్యండి. గంజి దిగట్లేదని చెప్పండి."

ఏంజెల్ చేసింది. స్పీకర్లోంచి బండ్ల హారన్ల మధ్య సాయిదివ్య గొంతు వచ్చింది. "ఏం పర్లేదు వదినా, డోస్ తక్కువే. పిన్నిని వేసెయ్యమనండి." ఫోన్ కట్టయింది.

"విన్నావుగా?" అంది ఏంజెల్.

"విన్నానండి. ఖాళీ కడుపు మీద వెయ్యనండి. డాక్టరుగారిని కనుక్కోండి."

"అనుమానప్పక్షివి బుల్లెమ్మా నువ్వు! మా ఇంట్లో నీళ్లు కూడా వాసన చూసి తాగుతావు." ఏంజెల్ విసురుగా ఫ్రిజ్ తెరిచి సిరంజి తీసింది. మూత లాగి సూది చూసి మొహం తిప్పుకుంది. మూత బిగించి ఎక్కడిదక్కడ పెట్టేసింది. "బాబోయ్, నా వల్ల కాదు. ఆయన రానీ, డాక్టరు సంగతి చూద్దాం."

మూడింటికి కుడి పక్కకు తిప్పాలి. బుల్లెమ్మ ముందుగానే గవ్వ గుప్పిట్లోకి తీసుకుంది. నడుం కింద చెయ్యి దూర్చగానే మనిషి బరువు మారినట్టు తెలిసింది. మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి చాలాసేపు ఉంచింది. తర్వాత కళ్ల రెప్పలు మూసి, గడ్డం కింద గుడ్డ చుట్టి కట్టింది. ఆ గవ్వను తిరిగి ఎడమ గ్లాసులోనే వేసింది.

"అమ్మాయిగారూ," అని పిలిచింది.

ఏంజెల్ ఫోన్ చేస్తే సుధీర్ వచ్చాడు. వెనకాలే సాయిదివ్య వచ్చింది. స్టెత్ పెట్టి చూసి తల అడ్డంగా ఊపి, చేతులు కడుక్కుంటానని వంటగదిలోకి వెళ్లింది. కొళాయి చప్పుడు కన్నా ముందు ఫ్రిజ్ తలుపు తెరిచి మూసిన చప్పుడు వినిపించింది బుల్లెమ్మకు.

సుధీర్ చార్టు పట్టుకున్నాడు. "ఒంటిగంటకి ఇంజక్షన్ వేసినట్టుంది?"

"పిన్నికి అప్పజెప్పాను అన్నయ్యా," అంది సాయిదివ్య, తువ్వాలు చూస్తూ.

"నేను వెయ్యలేదు బాబుగారూ. అమ్మాయిగారికి తెలుసండి. ఫ్రిజ్‌లో నిండుగా ఉంది, చూడండి."

సుధీర్ వెళ్లి చూశాడు. తలుపు అరలో నిమ్మకాయలున్నాయి, కొబ్బరినూనె సీసా ఉంది. సిరంజి లేదు.

"నేను అక్కడే పెట్టానండీ..." అని నసిగింది ఏంజెల్. సాయిదివ్య ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఏంజెల్ ఏడుపులోకి జారిపోయింది.

"వేస్తే ఎందుకు దాస్తావు? వెయ్యకపోతే సూది ఏమైంది?" సుధీర్ గొంతు పెరగలేదు. "నిన్ను మా ఇంట్లో పనికి కుదిర్చినాయనతో నేను మాట్లాడతాను. నడు."

సుధీర్ ఆ మాట చేరవేస్తే యానాంలో ఇంకే గుమ్మమూ తనను పిలవదని బుల్లెమ్మకు తెలుసు. "మామ్మగారికి స్నానం చేయించి వెళ్తానండి," అంది.

"వద్దు."

బుల్లెమ్మ చెప్పులు తొడుక్కుని మెట్టు దిగి వెనక్కి తిరిగింది. సాయిదివ్య భుజాన సంచి బిగుతుగా పట్టుకుని నిలబడి ఉంది. సుధీర్ తలుపు వేశాడు. మూసుకుంటున్న సందులోంచి ఫ్రిజ్ మీద, ఎవరూ ముట్టుకోని ఆ ఒక్క గవ్వ తెల్లగా కనిపించింది.